అమావాస్య నాడు ఆపే కంప్యూటర్

మొన్న స్రవంతక్క జడ్చర్ల బస్సు దిగి మా ఇంటికి వచ్చినప్పుడు ఆమె చంకలో ఒక లాప్‌టాప్ ఉంది. ముసురు పట్టి ఉండడంతో దాని మీద చీర కొంగు కప్పి, చంటిపిల్లను తెచ్చినట్టు తెచ్చింది. స్రవంతక్క మా పెద్దనాయిన బిడ్డ, నాకంటే కొంచెం పెద్దది. ఆమెను చూడగానే నాకు కలిగేది సంతోషమే. కానీ ఆ సంతోషం వెనకాలే ఇంకొకటి చెప్పులు బయట విడిచి, చప్పుడు చేయకుండా లోపలికి వస్తుంది. దాని పేరు ఈర్ష్య. రోజూ పొద్దున దీపం పెట్టి, స్వామి నాకు ఇచ్చినవన్నీ ఒక్కొక్కటిగా తలచుకుని దండం పెట్టుకోవడం నా అలవాటు. గాలి సరిగ్గా ఆడే రొమ్ము ఇచ్చావు, గీతలు గీసే వేలు ఇచ్చావు, నాయినను ఇంకా కళ్ల ముందు ఉంచావు అనుకుంటాను. అన్నీ ఇచ్చినవాడు ఈ ఒక్కదాన్ని మాత్రం నాలోంచి తీసుకోలేదు.

"భాగ్యా, దీనికి ఆయుష్షు తీరిందట," అంది అక్క లాప్‌టాప్ తుడుస్తూ. "కొత్త విండోస్ దీనికి ఎక్కదంటున్నది. పాతదానికి ఇంక అప్‌డేట్లు రావట. షాపాయన కొత్తది కొనుక్కోమంటున్నడు. మంచిగ నడిచేదాన్ని ఎట్ల పారేద్దు చెప్పు? నీ దాంట్ల ఉంటది గద, గా ఊకె దొరికేది. గది నాకూ ఎయ్యి."

గా ఊకె దొరికేది. ఆ మాట వినగానే నేను అప్పటి మా ఇంటి వాకిట్లోకి వెళ్లిపోయాను. కొత్త రాష్ట్రం వచ్చిన తొలినాళ్లవి. ఆత్మకూర్‌లో మా ఇల్లంటే ముందు గదంతా గుంత మగ్గమే. మిగిలిన జాగాలో మేం ఉండేవాళ్లం. పొద్దున లేవగానే ముక్కుకు తగిలేది పోగుకు పట్టించే గంజి వాసన, దాని వెనక మా అవ్వ, నాయిన తల్లి, పొయ్యి మీద కాచే చాయ్ వాసన. చిన్నప్పటి నుంచి నాకు ఆయాసం. బడికి పంపితే దుమ్ముకు దగ్గి దగ్గి మధ్యాహ్నానికే ఎవరో ఒకరు ఎత్తుకొచ్చేవారు. అందుకని నాయిన నన్ను బడి మాన్పించి మగ్గం పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పోగును మోసుకుని నాడె ఇటు నుంచి అటు పోయేలోపు ఎక్కం చెప్పాలి, అటు నుంచి ఇటు వచ్చేలోపు తప్పు దిద్దుకోవాలి. చదవడం అవ్వ నేర్పింది, భజన కీర్తనల పుస్తకం ముందు పెట్టి. అక్షరం తప్పు పలికితే ఆమె కోప్పడేది కాదు, "స్వామికి నత్తి పెడ్తున్నవు బిడ్డా," అనేది. ఈ రోజుకూ నేను ఏదైనా చదివితే లోపల అవ్వ రాగమే పలుకుతుంది.

మా ఇళ్లలో అమావాస్యకు మగ్గం ముట్టరు. ఎంత తొందర పని ఉన్నా, బట్ట కొనే సేఠ్ గుమ్మంలో నిలబడి అడిగినా ముట్టరు. ముందు రోజే మగ్గం దులిపి, అమావాస్య పొద్దున పసుపు కుంకుమ పెట్టి, సాంబ్రాణి వేసి, పైన ఉతికిన గుడ్డ కప్పుతారు. ఆ రోజు వీధంతా చప్పుడు ఉండదు. నాడెల చప్పుడుకు అలవాటైన చెవికి ఆ నిశ్శబ్దం గుడిలో గంట ఆగినాక ఉండే నిశ్శబ్దంలా అనిపిస్తుంది. అందరూ తలంటుకునేవారు, పప్పుతో అన్నం తిని మధ్యాహ్నం పడుకునేవారు. పనిముట్టుకు కూడా ప్రాణం ఉంటుందని, దానికీ అలుపు ఉంటుందని నాయిన చెప్పేవాడు.

మగ్గం గుంతలో కూర్చునే బలం నాకు లేదని తేలినాక, అంచుల బొమ్మలు గీసే పని నాకు నేర్పాలనుకున్నాడు నాయిన. అంచు ఏదైనా ముందు గళ్ల కాగితం మీద గీయాలి. ఆ గళ్లను చూసి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలను మగ్గానికి కడితే ఏ పోగు లేవాలో ఏది దిగాలో అవే చెప్తాయి. కాగితం మీద ఒక గడి తప్పితే పనంతా మళ్లీ మొదటికి వచ్చేది. కంప్యూటర్‌లో గీస్తే చెరిపి దిద్దుకోవచ్చని ఎవరో చెప్పారు. ఏదో ఆఫీసు వాళ్లు తీసేసిన పాత డబ్బా ఒకటి బజారులో రఫీ భాయ్ దుకాణానికి వస్తే, నాయిన నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు.

"ఫికర్ జేయకు అన్నా. అందరికి ఏసేదే ఏస్త," అన్నాడు రఫీ భాయ్. "విండోస్, టైపింగ్, ఫోటోలది, అన్ని ఒక్క సీడీలనే ఉన్నయ్."

"అది ఎవరు చేసిన్రు?" అని అడిగాడు నాయిన.

"బయటి దేశపోళ్లది."

"వాళ్లు నీకు అమ్మిన్రా?"

రఫీ భాయ్ నవ్వాడు. "నువ్వు జర వేరే మనిషివన్నా. ఎవడో ఒకడు కొంటడు, మిగిలినోళ్లం కాపీ కొట్టుకుంటం. ఊరంత గదే నడుస్తది. కాపీ కొడితే అసలుది అరుగుతదా?"

నాయిన భుజం మీది కండువా తీసి అంచు చూపించాడు. "గీ అంచు మీది కోటకొమ్మ బొమ్మ మా అయ్య గీసింది. మిల్లోడు ఎత్తుకపోయి బట్ట మీద అచ్చేసి అంగళ్లల్ల అమ్ముతున్నడు. అడిగితె వాడు సుత గదే అంటడు, నీ కొమ్మ ఏమన్న అరిగిందా అని. గీ సీడీ ఇంటికి తీస్కపోతే నేను వాణ్ణి ఏ మొకంతోని తిట్టాలె?"

కొనేంత స్థోమత మాకు లేదు. రఫీ భాయ్ గడ్డం గోక్కుని, "అయితే లినక్స్ అని ఒకటున్నది," అన్నాడు. "గది ఊకెనె ఇస్తరు. ఎంతమందన్న పంచుకోవచ్చు, తప్పు లేదు. కని ఎవ్వరడగరు. రేపు ఏమన్న తెల్వకపోతె నా తానికి రాకు, నాకు సుత రాదు."

"ఊకె ఎందుకిస్తరు?"

"ఏమో. దేశదేశాలోళ్లు కలిసి చేస్తరట. చేసి అందరి ముందల పెడ్తరట."

"అన్నదానం లెక్క," అన్నాడు నాయిన, ముఖం విప్పార్చుకుని. "గదే ఎయ్యి."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. అన్నదానం పుణ్యమే, కాదనను. కానీ ఊరంతా పెళ్లి భోజనానికి పోతుంటే మనల్ని ఒక్కరినే సత్రం పంక్తిలో కూర్చోబెడితే ఎలా ఉంటుంది? ఇంటికి తెచ్చి మీట నొక్కితే ముదురు వంకాయ రంగు తెర ఒకటి వచ్చింది. నాయిన ఆ రంగు చూసి మెచ్చుకున్నాడు, అలాంటి అద్దకం ఈ మధ్య పడడం లేదని. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఎందుకంటే అంతకు కొద్ది రోజుల ముందే జడ్చర్లలో నేను స్రవంతక్క లాప్‌టాప్ చూసి వచ్చాను.

పెద్దనాయిన అప్పటికే మగ్గం వదిలేసి జడ్చర్లలో మందుల కంపెనీలో చేరాడు. అక్కకు పెద్ద చదువు చెప్పిస్తూ లాప్‌టాప్ కొనిచ్చాడు. అది కాపీ కాదు, విండోస్‌తో సహా కొన్నది, వెనకాల మెరిసే చీటీ కూడా ఉంది. తెర తీస్తే బతుకమ్మ పేర్చినట్టు రంగురంగుల పలకలు. వేలితో తాకినంతలో వచ్చే పేకాట. ప్రింటర్ కొంటే డబ్బాలోనే ఒక సీడీ ఉంటుంది, అది వేస్తే చాలు, కాగితం బయటికి వస్తుంది. నా దానికి ఆ సీడీ పనికిరాదు. నెట్ కోసం పెట్టే డాంగిల్‌ను గుర్తుపట్టించడానికి ఎన్ని పూటలు పోయాయో. అక్క తన కాలేజీలో డీటీపీ ఫాంట్లతో కొట్టిన తెలుగు పాటల కాగితం పెన్ డ్రైవ్‌లో ఇస్తే, నా తెర మీద అది తెలుగూ కాక ఇంగ్లీషూ కాక పిచ్చిగీతల్లా విచ్చుకుంది. ఆమెకు ఏదైనా తెలియకపోతే వీధిలో ఎవరిని అడిగినా చెప్తారు. నాకు తెలియకపోతే అడగడానికి దేవుడు తప్ప మనిషి లేడు. ఆయనకు లినక్స్ వచ్చో రాదో నాకు తెలియదు.

న్యాయం చెప్పాలంటే నా దానికీ కొన్ని గుణాలు ఉన్నాయి. జిరాక్స్ దుకాణం పెన్ డ్రైవ్‌లతో ఊళ్లో కంప్యూటర్లన్నిటికీ వైరస్ అంటుకుంటే నా డబ్బా ఒక్కటే దగ్గలేదు. అంత పాతదైనా కుంటుతూనే నడిచింది. బొమ్మలకు, లెక్కలకు, రాతకు కావలసినవన్నీ దాంట్లోనే ఉన్నాయి, ఒక్కటీ కొననక్కరలేదు. లెక్కల పట్టికలో గళ్లను చిన్నగా చదరంగా చేసుకుని ఒక్కో గడికి రంగు నింపడం నాకు నేనే నేర్చుకున్నాను. గడి అంటే పోగు, వరుస అంటే నాడె ఒక పోత. ఇవన్నీ తలచుకుని రోజూ దండం పెట్టుకునేదాన్ని. దండం పెట్టుకుని లేచేసరికి మళ్లీ జడ్చర్లలోని రంగు పలకలు గుర్తొచ్చేవి.

ఆ ఏడాది కురుమూర్తి స్వామికి మా ఇంటి మొక్కు ఉంది. నా ఆయాసం తగ్గితే పట్టు కండువా నేసి జాతరలో సమర్పిస్తానని అవ్వ మొక్కుకుంది, అది తగ్గింది. నా కోసం మొక్కిన మొక్కు కనుక దాని అంచు నా చేత్తో గీయాలని నాకు ఆశ. అంత ఆశ నేను చీర మీద, నగ మీద పెట్టుకోలేదు. నాయిన మాత్రం, "ఇద్దరు ఆడపిల్లలు గీస్తరు ఇంట్ల. ఇద్దరియి చూసి మంచిది ఏద్దాం, స్వామికి మంచిదే పోవాలె," అని అక్కకూ ఫోన్‌లో చెప్పాడు. గళ్లలో ఎలా గీయాలో కూడా ఆయనే ఓపికగా చెప్పాడు, నాకు చెప్పినట్టే. ఫోన్ పట్టుకుని ఆయన, "ఆఁ బిడ్డా, కొమ్మ కాడ రెండు గళ్లు ఎక్కియ్యి," అంటుంటే నేను అన్నం ముందు నుంచి లేచి వెళ్లి చేయి కడుక్కున్నాను.

బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస అమావాస్య మర్నాడు బొమ్మ అట్టలకు పోవాలి. నాది ఇంకా కొంచెం మిగిలింది. అమావాస్య పొద్దున లేచి చూస్తే నా కంప్యూటర్ మీద ఉతికిన గుడ్డ కప్పి ఉంది. డబ్బా నెత్తిన పసుపు, నడుమ కుంకుమ బొట్టు, ముందు సాంబ్రాణి. అంచు గీసేది కాబట్టి అదీ మగ్గమే అని నాయిన తీర్పు. ఆ సాంబ్రాణి పొగ లోపలి ఫ్యాన్‌కు పట్టి, తరువాత ఎన్నాళ్లో అది తిరిగినప్పుడల్లా ఇల్లంతా గుడి వాసన వచ్చేది. ఆ రోజంతా నేను ఆ గుడ్డ వంక చూస్తూ కూర్చున్నాను. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడి వచ్చాక అక్క ఫోన్ చేసి, పొద్దుటి నుంచి కూర్చుని బొమ్మ ఇప్పుడే పూర్తి చేశానంది. జడ్చర్లలో కూడా అదే అమావాస్య కదా అని నాకు ఒళ్లు మండింది.

మర్నాడు ఆమె రంగు ప్రింటు తెచ్చింది. నాకు ప్రింటర్ పని చేయదు కనుక తెర మీది గళ్లను చేత్తో కాగితం మీదికి దించాను. రెండూ పక్కపక్కన పెట్టారు. నాది కొమ్మకూ కొమ్మకూ నడుమ తామర మొగ్గ. ఆమెది కొమ్మ లోపల సన్నగా పైకి ఎక్కే మెట్ల వరుస, కురుమూర్తి గుట్ట మెట్లు. నాయిన ఆ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

అవ్వ మెల్లగా అంది, "అమాస నాడు గీసింది కదరా. మొక్కు బట్టకు పనికొస్తదా?"

నాలో ప్రాణం లేచి వచ్చింది. నాయిన కాగితం మీది నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు, "మగ్గం లేనోళ్లకు అమాస ఏందవ్వా. మంచిగ గీసింది బిడ్డ."

ఆ మాటతో తేలిపోయింది. మగ్గం ఉన్న పాపానికి నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. అది లేని పుణ్యానికి ఆమెకు అమావాస్య కూడా అంటలేదు. పెళ్లి భోజనమూ ఆమెకే, సత్రంలో పాయసమూ ఆమెకే. ఆ నెలంతా ఆమె మెట్లకు కావలసిన పట్టు పోగుల కండెలు నేనే చుట్టాను. జాతరలో కండువా స్వామి పాదాల దగ్గర పెట్టినప్పుడు అందరూ స్వామిని చూశారు. నేను అంచును చూశాను. నా ఆయాసం తగ్గించినందుకు దండం పెట్టడానికి చేతులు లేపాను. ఊపిరి బాగానే ఆడింది, మాట మాత్రం రాలేదు.

ఆ రోజుల్లో నేను తప్పంతా వంకాయ రంగు తెర మీద వేశాను. అక్క దగ్గర ఉన్నది నా దగ్గర ఉంటే ఆ మెట్లు నేనే గీసేదాన్నని గట్టిగా నమ్మాను. ఇప్పుడు చూస్తే తెలుస్తుంది, ఆ మెట్లు విండోస్ గీయలేదు, ఆమె గీసింది. తామర మొగ్గను లినక్స్ చిన్నబుచ్చలేదు. ఎవరైనా వచ్చి ఏది మంచిదని అడిగితే నేను ఇప్పుడు నిదానంగానే చెప్తాను. మీ పని ఫలానా సాఫ్ట్‌వేర్‌తోనే నడిచేదైతే, అది విండోస్‌లోనే ఉంటే, కొనుక్కోండి, బాధపడకండి. ఉత్తరాలు, లెక్కలు, నెట్, పిల్లల చదువు, భజనలు వినడం వరకే అయితే ఊరికే దొరికేది చాలు, మొదటి నెల కొంచెం చేయి తిరగదు అంతే. ఇంకొకరిది ఎత్తుకొచ్చి మాత్రం వాడకండి. ఇది చెప్పేటప్పుడు నా గొంతు మా నాయిన గొంతులా ఉంటుందని అంటారు. వీధిలో ఇప్పుడు నాడె చప్పుడు ఎక్కడో ఒక ఇంట్లో తప్ప లేదు. నాయిన మోకాళ్లు అరిగిపోయాక మా మగ్గం విప్పేశాం, గుంత పూడ్చి బండలు పరిచాం. సరిగ్గా ఆ జాగాలోనే నా కంప్యూటర్ బల్ల ఉంది. వేరే ఊళ్ల మగ్గాలకు అంచులు గీసి పంపుతాను. వాళ్ల తొందర వాట్సాప్‌లో వస్తుంది, దానికి అమావాస్య తెలియదు. మొదట్లో ఆ రోజు గుడ్డ కప్పేదాన్ని. తరువాత మధ్యాహ్నం దాకా కప్పేదాన్ని. ఈ మధ్య బొట్టు పెట్టి మీట నొక్కుతున్నాను.

మొన్న అక్క లాప్‌టాప్‌లో ఉన్నవన్నీ ముందు వేరే చోట దాచి, పెన్ డ్రైవ్ పెట్టి లినక్స్ ఎక్కించాను. అక్క జడ్చర్లలో జాకెట్లు కుట్టే దుకాణం నడుపుతుంది. "నీ బిల్లుల సాఫ్ట్‌వేర్ దీంట్ల నడవకపోవచ్చు అక్కా, ముందే చెప్తున్న," అన్నాను. "బిల్లులు ఫోన్ల చేస్కుంట తియ్యి," అంది. అది ఎక్కేలోపు ఇద్దరం చాయ్ తాగాం. మా ప్రింటర్ తీగ పెట్టగానే అది సీడీ అడగలేదు, పేరు అడగలేదు, దానంతట అదే గుర్తుపట్టి కాగితం బయటికి వదిలింది. తెలుగు టైపింగ్ ఒక్క నొక్కుకు వచ్చింది. వీధిలో అడగడానికి మనిషి లేక నేను ఏళ్లు పడి నేర్చుకున్నది, ఆమె పొద్దు వాలకముందే నేర్చేసుకుంది. సత్రంలో ముందు వచ్చి కూర్చున్నవాళ్లకు చద్దన్నం, ఆలస్యంగా వచ్చినవాళ్లకు పొగలు కక్కే అన్నం.

"ఇంత మంచిదాన్ని ఇన్నేండ్లు నువ్వొక్కదానివే పెట్టుకున్నవా?" అంది అక్క నవ్వుతూ.

నేను నవ్వలేకపోయాను. ఊరికే దొరికేదాని మీద కూడా అసూయపడే మనిషి ఉంటుందా అంటే, ఉంటుంది. లేమి వల్ల వచ్చినా, అది నాకు మాత్రమే ఉన్న ఒకే ఒక్క వస్తువు.

అక్క తెర వంకే చూస్తూ, కుర్చీలో కునుకుతున్న నాయినకు వినపడేలా అంది, "చిన్నాయినా, యాదికున్నదా? మగ్గం లేనోళ్లకు అమాస ఏంది అన్నవు ఆనాడు. నా బొమ్మ తీసుకున్నవు, నన్ను మాత్రం ఇంట్లకెల్లి తీసేసినవు. జడ్చర్ల దాకా ఏడ్చుకుంట పోయిన బస్సుల."

నాయిన కళ్లు తెరిచాడు. ఆ మాట ఆమెను కోసిందని నాకు ఏనాడూ తట్టలేదు. అది నన్ను కోసిందనే ఇన్నాళ్లూ అనుకున్నాను.

"ఇప్పుడు గీ మీ లినక్స్ నా దాంట్ల ఎక్కింది గద," అంది అక్క. "మరి అమాసకు నేను సుత బంద్ పెట్టాల్నా?"

ఆ అడగడంలో వేళాకోళం ఉంది, అది కానిది కూడా ఉంది. నాయిన చేయి చాపి లాప్‌టాప్ నెత్తిని నిమిరాడు. "పెట్టు బిడ్డా," అన్నాడు. "ఎవ్వరన్న ఒక్కరు పెట్టాలె గద." నా వంక చూడలేదు.

అక్క వెళ్లిన తరువాత వచ్చిన అమావాస్యకు నేను ఎవరి తొందరా చూడలేదు. తలంటుకుని, నా కంప్యూటర్‌కు బొట్టు పెట్టి, ఉతికిన గుడ్డ కప్పాను. సాయంత్రం దాకా ఆ బండల మీద ఊరికే కూర్చున్నాను. నాయిన కుర్చీలోంచి చూసి, చాయ్ రెండోసారి అడిగాడు. ఇదంతా భక్తితోనే చేశానని రాయాలని ఉంది. కానీ ఆ పొద్దంతా నా మనసు దీపం దగ్గర లేదు, జడ్చర్లలో గుడ్డ కప్పి ఉన్న ఒక లాప్‌టాప్ దగ్గర ఉంది.